మేడ మీద సోలార్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

విజయవాడలో మా ఇంటి మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు బిగించి చాలా ఏళ్లయింది. కరెంటు బిల్లు తగ్గించడంలో అవి మా నమ్మకాన్ని నిలబెట్టాయి. అయితే బిల్లు తగ్గినంత మాత్రాన మనం వాడేదంతా ఎండ నుంచి పుట్టిన కరెంటే అనుకోకూడదని ఈ ఏళ్లలో నాకు బాగా అర్థమైంది.

మా దగ్గర రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి; ముసురు పట్టిన రోజుల్లో అందులో సగం కూడా రాదు. ఎండలు మండే మే నెలలోనే ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ దాని సామర్థ్యం 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం పూట ప్యానెల్ మీద చెయ్యి ఆనించలేం. మాకు మంచి దిగుబడి ఇచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలలే. దుమ్ము మరో సమస్య. బోరు నీళ్లతో కడిగితే ఆరిన చోటల్లా ఉప్పు మరకలు తెల్లగా పేరుకుంటాయి కనుక, మంచినీళ్లతో, అదీ ఎండెక్కక ముందే, మెత్తటి గుడ్డతో కడుగుతున్నాం.

నెట్ మీటర్ ఉన్నందువల్ల పగలు గ్రిడ్‌కు, అంటే ఊరందరికీ కరెంటు అందించే తీగల వ్యవస్థకు, పంపిన యూనిట్లను మనం తీసుకున్న వాటిలోంచి మినహాయించి బిల్లు వేస్తారు. కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ రాత్రి మా ఏసీని నడిపే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తుంది. ఇబ్రహీంపట్నంలోని థర్మల్ కేంద్రం మా ఊరి పక్కనే ఉంది. అందుకే మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పనులన్నీ పొద్దున తొమ్మిది తర్వాత మొదలుపెట్టి మూడు లోపే ముగిస్తాం. ఈ అలవాటు కుదరడానికి కొంతకాలం పట్టింది గానీ, ఇంట్లో ఎవరికీ కష్టమనిపించలేదు.

మాది బ్యాటరీ లేని ఏర్పాటు. దానికున్న పరిమితి 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు తెలిసింది. మా వీధిలో కరెంటు తీసేశారు. వాన వెలిసి ఎండ కాసినా, ఇంట్లో ఒక్క ఫ్యాను తిరగలేదు, ఫోను ఛార్జి చేసుకోవడానికీ వీలు లేకపోయింది. గ్రిడ్‌లో సరఫరా ఆగగానే, ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ కూడా దానంతటదే ఆగిపోతుంది. మన ప్యానెళ్ల కరెంటు బయటి తీగల్లోకి పారి, వాటి మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా పెట్టిన రక్షణ అది. ఆ రక్షణ ఉండి తీరాలి. అయినా వరదలూ తుపానులూ వచ్చే ఊళ్లలో కొత్తగా పెట్టించుకునేవారు, ఖర్చు ఎక్కువైనా సరే, గ్రిడ్ ఆగినా బ్యాటరీ సాయంతో ఇంటికి కరెంటిచ్చే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో చిన్న బ్యాటరీ తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తోంది కాబట్టి, సొంత మేడ ఉన్నవారు వెనకాడనక్కర్లేదు. అపార్టుమెంట్లకు ఇది ఇంకా బాగా నప్పుతుందని మా అక్కయ్య వాళ్ల సముదాయంలో చూశాను. అక్కడ సంఘం తరఫున ఉమ్మడి అవసరాల కోసం పెట్టించుకున్నారు. అలాంటి వాటికి కిలోవాటుకు 18,000 రూపాయల రాయితీ ఉంది. ట్యాంకులు నింపే మోటార్లను తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి మార్చడంతో, ప్యానెళ్ల కరెంటులో చాలా భాగం అక్కడికక్కడే ఖర్చవుతోంది. ప్యానెళ్లు కడిగే మనిషి జీతాన్ని కూడా నెలవారీ నిర్వహణ రుసుములోనే కలిపేశారు.