కొత్త ఆలోచనకు వేరు కాపురమా, ఉమ్మడి కాపురమా: ఏది మేలు?

బాగా నడుస్తున్న కంపెనీలో ఎవరో ఒకరు కొత్త ఆలోచనతో ముందుకొస్తారు. ఉన్న సరుకుకు చిన్న మెరుగు కాదు, అసలు కొత్త వ్యాపారమే. పైవాళ్లకు నచ్చుతుంది, డబ్బు కూడా ఇస్తామంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. దీన్ని ఎక్కడ పెట్టాలి? ఉన్న డిపార్ట్‌మెంట్లకే అప్పగించాలా? వేరే టీమ్, వేరే ఆఫీసు, వేరే బడ్జెట్ ఇచ్చి విడిగా ఉంచాలా? లేక ఉద్యోగులందరికీ కొంత సమయం వదిలేసి, ఎవరికి తోచింది వాళ్లను చేసుకోనివ్వాలా?

నేను పనిచేసిన ఒక సంస్థలో మంచి ఆలోచన ఒకటి రెండేళ్ల పాటు మూడు డిపార్ట్‌మెంట్ల మధ్య తిరిగి తిరిగి ఆగిపోయింది. అక్కడ చేతకానివాళ్లు లేరు, చెడ్డవాళ్లూ లేరు. ప్రతి మూడు నెలలకూ టార్గెట్ ముంచుకొచ్చేది, కొత్త పని పక్కకు జరిగేది, అంతే. ఆ తర్వాతే ఈ విషయం మీద జరిగిన పరిశోధనలను పట్టుబట్టి చదవడం మొదలుపెట్టాను.

పని అలా ఎందుకు పక్కకు జరుగుతుందో 1991లో సంస్థల తీరును పరిశోధించిన జేమ్స్ మార్చ్ ఒక వ్యాసంలో చాలా స్పష్టంగా చెప్పారు. ఏ సంస్థ అయినా రెండు పనులు చేయాలి. తెలిసిన పనిని ఇంకా బాగా చేయడం ఒకటి, తెలియనిదాని కోసం వెతకడం రెండోది. మొదటిదానికి ఫలితం త్వరగా, దాదాపు ఖాయంగా వస్తుంది. రెండోదానికి ఆలస్యంగా వస్తుంది, చాలాసార్లు అసలు రాదు. అందుకే ఎవరూ పనిగట్టుకుని అడ్డుపడకపోయినా సంస్థ తనంతట తాను మొదటిదాని వైపే ఒరుగుతుంది. ఆ పనిలో రోజురోజుకూ నేర్పు పెరుగుతుంది, నేర్పు పెరిగేకొద్దీ వెతకడం ఇంకా దండగ ఖర్చులా కనిపిస్తుంది. ఈ ఒరుగుడును ఏ దారి ఎంతవరకు ఆపగలదు? మూడు దారులనూ ఈ లెక్కతోనే తూచాలని నా నమ్మకం.

ముందు ఉమ్మడి కాపురం, అంటే కొత్త పనిని ఉన్న డిపార్ట్‌మెంట్లలోనే ఉంచడం సంగతి. దాని లాభాలు చెప్పనక్కర్లేదు. కస్టమర్లు ఉన్నారు, ఫ్యాక్టరీ ఉంది, పేరు ఉంది, అనుభవమున్న మనుషులు పక్క సీట్లోనే ఉన్నారు. నష్టమే మెల్లగా బయటపడుతుంది. కొత్త పనిని కూడా పాత కొలబద్దతోనే కొలుస్తారు.

దీని మీద క్లార్క్ గిల్బర్ట్ 2005లో ప్రచురించిన పరిశోధన నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ఇంటర్నెట్ వచ్చినప్పుడు అమెరికాలో దినపత్రికలు ఎలా స్పందించాయో ఆయన లోపలికి వెళ్లి చూశారు. ఆన్‌లైన్ తమ ఆదాయాన్ని మింగేస్తుందన్న భయం పట్టుకోగానే యాజమాన్యాలు డబ్బు బాగానే తీశాయి. అంటే బిగుసుకుపోయిన పిడికిలి తెరుచుకుంది. కానీ అదే భయం పని చేసే పద్ధతిని మరింత బిగించేసింది. నిర్ణయాలన్నీ పైకి చేరాయి, ప్రయోగాలు తగ్గాయి, అచ్చులో వచ్చిన పేపర్‌నే తెచ్చి తెర మీద పెట్టారు. మాతృసంస్థ నుంచి విడిగా ఉండి, బయటివాళ్ల మాట కూడా విన్న యూనిట్లు మాత్రం ఇక్కడ కొత్తగా ఏం చేయవచ్చు, ఎవరికి అమ్మవచ్చు అని ఆలోచించగలిగాయి. డబ్బు కేటాయించినంత మాత్రాన అలవాటు మారదని ఇంత వివరంగా చూపిన పని నేను ఇంకొకటి చదవలేదు. 'బడ్జెట్ ఇచ్చాం కదా, ఇంకేం కావాలి?' అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ పత్రికలే గుర్తొస్తాయి.

అలాగని లోపల ఉంచితే కొత్తది బతకదని తీర్పు చెప్పేయలేం. ఇంటెల్ కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. రాబర్ట్ బర్గెల్‌మాన్ దాన్ని లోతుగా పరిశోధించారు. 1980లలో ఆ కంపెనీ పైవాళ్లు తమది మెమరీ చిప్‌ల కంపెనీ అనే అనుకునేవాళ్లు. కానీ ఫ్యాక్టరీలో ఏ చిప్‌కు ఎంత చోటివ్వాలో తేల్చడానికి వాళ్లకు ఒక నియమం ఉండేది: ఒక్కో వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచని సిలికాన్ బిళ్ల) మీద ఎక్కువ మార్జిన్, అంటే ఖర్చు పోగా మిగులు, తెచ్చేదానికే ముందు చోటు. జపాన్ కంపెనీల పోటీతో మెమరీ ధరలు పడిపోయాయి. కంప్యూటర్‌కు మెదడులాంటి చిప్‌లయిన మైక్రోప్రాసెసర్లలో మార్జిన్ బాగుంది. ఇక మధ్యస్థాయి మేనేజర్లు ఎవరి అనుమతీ ప్రత్యేకంగా అడగకుండానే, ఆ నియమాన్ని పాటిస్తూ చోటు మారుస్తూ పోయారు. 1985లో మెమరీ నుంచి తప్పుకోవాలని పైవాళ్లు తేల్చుకునేసరికి కంపెనీ కింది నుంచి చాలావరకు మారిపోయే ఉంది.

ఇక్కడ పాత కొలబద్దే కొత్తదాన్ని గెలిపించింది. ఎందుకంటే కొత్తదానికి మంచి మార్జిన్ ఉంది. చాలా కొత్త వ్యాపారాలకు మొదట్లో అది ఉండదు. కాబట్టి ఉమ్మడిగా ఉంచే ముందు అడగాల్సింది ఒక్కటే: ఇప్పుడు మన దగ్గరున్న కొలతలతో తూస్తే ఈ ఆలోచన నెగ్గుతుందా? నెగ్గేటట్టయితే లోపలే ఉంచవచ్చు, వేరు పెట్టడం అనవసరపు ఖర్చు.

ఇక వేరు కాపురం. దీనికి ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ ఐబీఎం పర్సనల్ కంప్యూటర్. 1980లో ఫ్లోరిడాలోని బోకా రటాన్‌లో, హెడ్డాఫీసుకు దూరంగా, ఒక చిన్న టీమ్‌కు ఆ పని ఇచ్చారు. దాన్ని నడిపించినవాడు డాన్ ఎస్ట్రిడ్జ్. కంపెనీ ఆనవాయితీకి భిన్నంగా వాళ్లు ప్రాసెసర్‌ను ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకున్నారు. 1981 ఆగస్టు 12న కంప్యూటర్ బయటికొచ్చింది. పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్లయిన మెయిన్‌ఫ్రేమ్‌ల లెక్కతో నడిచే డిపార్ట్‌మెంట్ల మధ్య ఉండి ఉంటే ఇంత తొందరగా అయ్యేది కాదని నేను అనుకుంటాను. నెస్లే కూడా 1986లో నెస్ప్రెసోను విడి కంపెనీగానే పెట్టింది. అది సరైన పనే. కాఫీ పొడిని దుకాణాల ద్వారా అమ్మడం ఒక వ్యాపారం. ఒక యంత్రానికి మాత్రమే సరిపడే, కాఫీ పొడి నింపిన క్యాప్సూల్‌ను కస్టమర్‌కు నేరుగా అమ్మడం పూర్తిగా ఇంకో వ్యాపారం. పేరుకు రెండూ కాఫీయే అయినా డబ్బు వచ్చే దారి వేరు.

అయితే వేరు పెట్టడమే మందు అనుకునేవాళ్లు జిరాక్స్ కథ చూడాలి. 1970లో ఆ కంపెనీ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పార్క్ అనే పరిశోధన కేంద్రం పెట్టింది. 1973 నాటికే అక్కడ ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. బొమ్మలతో కూడిన తెర, మౌస్, యంత్రాలను కలిపే ఈథర్‌నెట్ అన్నీ అక్కడ పనిచేశాయి. జిరాక్స్ వాటితో పెద్ద వ్యాపారం చేయలేకపోయింది. కానీ అదే కేంద్రంలో గ్యారీ స్టార్క్‌వెదర్ అభివృద్ధి చేసిన లేజర్ ప్రింటర్ 1977లో కంపెనీ సరుకుగా మార్కెట్లోకి వచ్చి బోలెడు డబ్బు తెచ్చింది. ఇల్లు ఒక్కటే, రాతలు రెండు. ఎందుకు? హెన్రీ చెస్‌బ్రో ఇచ్చిన వివరణ నాకు సబబుగా తోస్తుంది. లేజర్ ప్రింటర్ కాపీ యంత్రాల వ్యాపారంలో సులువుగా ఇమిడింది, అదే కస్టమర్లు, అదే డబ్బు వచ్చే తీరు. మిగతావి ఇమడలేదు. ఇమడనివాటిలో కొన్ని మనుషులతో పాటు బయటికి నడిచాయి. అలా 1979లో త్రీకామ్, 1982లో అడోబీ అనే కంపెనీలు పుట్టాయి.

దూరంగా ఉంచడం ఆలోచనను పుట్టించింది, కాపాడింది. ఇంటికి తెచ్చుకునే దారి మాత్రం ఎవరూ వేయలేదు.

ఇక్కడే ఛార్లెస్ ఓ'రైలీ, మైఖేల్ టష్‌మన్ పరిశోధన అక్కరకొస్తుంది. 2004లో వాళ్లు తొమ్మిది పరిశ్రమల్లో జరిగిన 35 ప్రయత్నాలను పోల్చి చూశారు. పాత డిపార్ట్‌మెంట్ల లోపలే నడిపినవాటిలో నాలుగో వంతు గమ్యం చేరాయి. వేర్వేరు డిపార్ట్‌మెంట్ల వాళ్లను కలిపి వేసిన టీమ్‌లు ఒక్కటీ చేరలేదు. పైనుంచి అండ లేకుండా పూర్తిగా వేరుగా వదిలేసినవి కూడా ఒక్కటీ చేరలేదు. పనిలో వేరుగా ఉండి, పైస్థాయి నాయకత్వంలో మాత్రం కలిసి ఉన్నవాటిలో 90 శాతం పైగా నెగ్గాయి.

ఈ అంకెలను చాలామంది 'వేరు పెడితే గెలుపు' అని చదువుతారు. అది తప్పు చదువు. వేరు పెట్టి వదిలేసినవాటికి వచ్చింది సున్నా. తేడా తెచ్చింది పైన ఉన్న ముడి. కొత్త యూనిట్ నాయకుడు కంపెనీ పెద్దల బల్ల దగ్గరే కూర్చోవడం, పాతదానికీ కొత్తదానికీ ఒకరే జవాబుదారీ కావడం ఆ ముడి. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. 35 ప్రయత్నాలను నాలుగు రకాలుగా పంచితే ఒక్కో రకానికి మిగిలేవి కొద్దే. దిశ చూపడానికి ఈ శాతాలు చాలు, వాటిని సూత్రంలా పట్టుకోకూడదు.

ఆ పైముడి కూడా ఒక్కోసారి పనిచేయదు. అది నన్ను బాధపెట్టే కథ. తీసిన వెంటనే ఫొటో చేతికిచ్చే కెమెరాల కంపెనీ పోలరాయిడ్ మీద మేరీ ట్రిప్సాస్, జొవాన్ని గవెట్టి 2000లో రాశారు. 1992 నాటికే ఆ కంపెనీ ఇంజినీర్ల దగ్గర మెగాపిక్సెల్ డిజిటల్ కెమెరా నమూనా పనిచేస్తోంది. అది మార్కెట్లోకి వచ్చింది 1996లో. సాంకేతికత లేక కాదు, డబ్బు లేక కాదు. లాభం ఫిల్మ్ అమ్మకంలోనే ఉంటుంది, కెమెరా కేవలం దానికి దారి అని పైవాళ్ల గట్టి నమ్మకం. ఫిల్మే అక్కర్లేని కెమెరాతో డబ్బు ఎలా వస్తుందో వాళ్లు ఊహించలేకపోయారు. 2001లో కంపెనీ దివాలా తీసింది. కొత్త టీమ్‌ను ఏ భవనంలో కూర్చోబెట్టినా, పైన కూర్చున్నవాళ్ల మనసులో లాభానికి ఒక్కటే బొమ్మ ఉంటే ఫలితం ఇంతే.

మూడో దారి, ఉద్యోగులకు సమయం వదలడం. త్రీఎం కంపెనీలో పని సమయంలో 15 శాతం సొంత ఆలోచనలకు వాడుకోనిచ్చే సంప్రదాయం దశాబ్దాల నాటిది. గూగుల్ వ్యవస్థాపకులు 2004లో వాటాదారులకు రాసిన లేఖలో 20 శాతం సమయం గురించి చెప్పారు. వినడానికి ఇది అన్నిటికంటే ఆకర్షణీయంగా ఉంటుంది, ఖర్చు కూడా కనిపించదు. కానీ త్రీఎం తయారుచేసిన పోస్ట్-ఇట్ కాగితాల (అంటించి మళ్లీ తీయగలిగే చిన్న చీటీల) కాలపట్టిక ఒకసారి చూడండి. అంతగా అతుక్కోని ఆ జిగురును స్పెన్సర్ సిల్వర్ కనిపెట్టింది 1968లో. దాన్ని పుస్తకంలో జారిపోని గుర్తుగా వాడవచ్చని ఆర్ట్ ఫ్రైకి తట్టింది 1974లో. అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. పన్నెండేళ్లు. ఖాళీ సమయం విత్తనం వేసింది. మధ్యలో తయారీ యంత్రాలు, పరీక్ష అమ్మకాలు, ఉచిత శాంపిళ్లు, పట్టు వదలని మనుషులు, వాళ్లను వెనకేసుకొచ్చిన మేనేజర్లు అందరూ కావాల్సి వచ్చింది.

డొనాల్డ్ కురాట్కో, జెఫ్రీ హార్న్స్‌బీ తదితరులు ఉద్యోగుల్లో చొరవ పెరగడానికి ఏమేం కావాలో చాలా ఏళ్లు పరిశోధించారు. వాళ్లు తేల్చిన అయిదింటిలో సమయం ఒకటి మాత్రమే. మిగతావి పైవాళ్ల అండ, పనిలో స్వేచ్ఛ, తగిన ప్రతిఫలం, సంస్థలోని హద్దులు ఎలా ఉన్నాయన్నది. సమయం ఇచ్చి ఆ నాలుగూ ఇవ్వకపోతే, ఆ సమయం శుక్రవారం సాయంత్రం మిగిలిపోయిన పాత పనికే పోతుంది. ఇది నా కళ్లతో చూసిన సంగతి.

ఉమ్మడి పక్షాన బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. క్రిస్టినా గిబ్సన్, జూలియన్ బర్కిన్‌షా 2004లో 41 యూనిట్లలో 4,195 మందిని పరిశీలించి, వేరు పెట్టకుండానే ఒకే యూనిట్‌లో రెండు పనులూ సాగవచ్చని వాదించారు. పనిలో పట్టు, మనుషుల మధ్య నమ్మకం రెండూ ఉన్నచోట ఎవరికి వాళ్లే తమ సమయాన్ని పాతదానికీ కొత్తదానికీ పంచుకోగలరని వాళ్ల మాట. యూనిట్ ఎలా పనిచేస్తోందో కూడా అక్కడి మేనేజర్లనే అడిగి కొలిచారన్నది గుర్తుంచుకోవాలి. అయినా ఉన్న వ్యాపారానికి ఏటేటా వచ్చే మెరుగుల విషయంలో నేను వీళ్ల పక్షమే. చిన్న మెరుగు ప్రతిదానికీ ఇన్నోవేషన్ సెల్ (కొత్త ఆలోచనల కోసం ప్రత్యేక విభాగం) పెడితే, మిగతా అందరూ ఆలోచించడం తమ పని కాదనుకుంటారు.

మరి ఏది మేలు? డబ్బు వచ్చే తీరు పాతదే అయితే ఉమ్మడే మేలు. డబ్బు వచ్చే తీరు మారినా, పాత కంపెనీ ఆస్తులు (పేరు, కస్టమర్లు, పేటెంట్లు) కొత్తదానికి కావాల్సి వస్తే, పనిలో వేరుగా, పైన నాయకత్వంలో కలిపి ఉంచడం మేలు. పాత ఆస్తులతో ఏ అవసరమూ లేకపోతే అది ఈ కంపెనీలో ఎందుకుండాలో మళ్లీ ఆలోచించాలి, బయట ఎవరికైనా ఇచ్చేయడమే నయం కావచ్చు. ఖాళీ సమయం ఈ మూడింటికీ ముందు మెట్టు. అది ఆలోచనలను పుట్టిస్తుంది, పెంచాల్సింది ఈ ఇళ్లలో ఒకటి.

ఈ పోలికలన్నిటిలో తక్కువ చోటు దక్కేది మనుషులకు. వేరు టీమ్‌లో చేరినవాడి కెరీర్ ఏమవుతుంది? పాత డిపార్ట్‌మెంట్ వాళ్లు 'మేం సంపాదిస్తుంటే వాళ్లు తగలేస్తున్నారు' అనుకుంటుంటారు. ప్రయత్నం విఫలమైతే అతను తిరిగి ఏ ముఖంతో వస్తాడు? నేను మొదట చెప్పిన సంస్థ ఆ తర్వాత ఒక ప్రత్యేక టీమ్ పెట్టింది. మంచి పని తెలిసిన ఏడుగురు సంతోషంగా చేరారు. ఏడాదిన్నరకు దాన్ని మూసేశారు. మూయడంలో తప్పులేదు, లెక్కలు అలాగే ఉన్నాయి. కానీ వాళ్ల పాత కుర్చీల్లో అప్పటికే వేరేవాళ్లున్నారు. ముగ్గురు వెళ్లిపోయారు, మిగిలినవాళ్లకు ఎవరికీ అక్కర్లేని పనులు దొరికాయి. మరుసటి ఏడాది ఇంకో టీమ్ కోసం పేర్లు ఇమ్మని అడిగారు. ఆలోచన మొదటిదానికంటే మంచిదే. ఒక్క పేరూ రాలేదు.