డిసెంబర్ 25 ఎక్కడిది: సూర్యుడి పండగా, కేలండర్ లెక్కా?

క్రిస్మస్ తేదీ రోమన్ల సూర్యుడి పండగ నుంచి తెచ్చుకున్నదేనని ఏటా ఎవరో ఒకరు వాదిస్తారు. ఆధారం లేకపోలేదు. 274లో ఆరేలియన్ చక్రవర్తి రోమ్‌లో సూర్యుడికి గుడి కట్టించాడు, 354 నాటి ఓ రోమన్ పుస్తకంలోని కేలండర్‌లో డిసెంబర్ 25న 'అజేయుడి' (అంటే సూర్యుడి) పుట్టినరోజు అని, 30 రథాల పందేలని రాసి ఉంది. కానీ అదే పుస్తకంలో క్రీస్తు పుట్టిందీ ఆ రోజే అని ఉంది, మరి ఏది ముందు?

రెండో వాదన కేలండర్ లెక్క. యేసు సిలువ మీద చనిపోయిందీ, తల్లి కడుపులో పడిందీ మార్చి 25నే అని పాతకాలపు క్రైస్తవులు కొందరు నమ్మారు, దానికి తొమ్మిది నెలలు కలపండి. నాకైతే ఇదే నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే అర్మేనియన్లు ఇప్పటికీ జరుపుకునే జనవరి 6 కూడా తూర్పు క్రైస్తవుల్లో కొందరు మార్చి 25కి బదులు పాటించిన ఏప్రిల్ 6కి సరిగ్గా తొమ్మిది నెలలే.

కానుకలు, విందులంటారా, అవి డిసెంబర్ 17న మొదలయ్యే శాటర్నేలియా అనే మరో రోమన్ పండగలోనూ ఉండేవి, ఆ గొడవ వేరు.