రూప్‌చందా, బొచ్చెనా: ప్రాణహిత ఒడ్డు గుంటల్లో ఏది వేయాలి?

సిరోంచ వైపు ప్రాణహిత పొంగిందంటే గుంట కట్ట మునుగుతుంది, చేప నదిలో పడుతుంది. అక్కడ దాణా వేసేవాళ్లెవరూ ఉండరు.

మేత ఖర్చు: బొచ్చెకు తవుడు, పల్లిచెక్క, కాస్త పేడ చాలు. రూప్‌చంద్‌కు తేలే గుళికలు కావాలి, పెట్టుబడంతా వాటికే.

పెరుగుదల: రూప్‌చంద్‌దే పైచేయి. చలి ముదిరితే మాత్రం మేత తగ్గిస్తుంది.

నదిలో పడ్డాక: బొచ్చె నీళ్లలోని సూక్ష్మజీవులను మొప్పల దువ్వెనతో వడగట్టి తింటుంది. గుంటలోనూ చేసేది అదే, కాబట్టి నిలవ నీళ్ల మడుగు దొరికితే బతికేస్తుంది. రూప్‌చంద్ అమెజాన్ జాతి. మన పళ్లలాంటి బల్లపరుపు పళ్లతో రాలిన కాయ, గింజ, నత్త ఏదైనా పగలగొడుతుంది. నార్వేలో పంజరాల నుంచి తప్పించుకున్న సాల్మన్ చేపల్లో చాలావాటి కడుపు మొదట్లో ఖాళీగానే దొరుకుతుంది. రూప్‌చంద్ కూడా అలాగే మేత దొరక్క పోతుందని తీసిపారేయలేం. నదికి అసలు భయం దీనితోనే.

వరద ఎక్కే గుంటైతే బొచ్చె వేయండి. కట్ట వరద మట్టం దాటి ఉండి, తూముకు సన్నకన్ను జాలీ బిగించి, వరద తీశాక పిల్ల వదిలి జూన్‌లోపు మొత్తం పట్టేయగలిగితే రూప్‌చంద్.