డిశ్చార్జి బుక్కు పోతే ఏ దారి ఎంతవరకు పనికొస్తుంది: రికార్డ్ ఆఫీసు, సైనిక్ వెల్ఫేర్, స్పర్శ్, ఆర్‌టీఐ

సర్వీసు ముగిసినప్పుడు సైన్యం ఇచ్చే డిశ్చార్జి బుక్కును పోగొట్టుకున్న మాజీ సైనికుడికి నాలుగు దారులున్నాయి. సర్వీసు పత్రాలు భద్రపరిచే రికార్డ్ ఆఫీసుకు నేరుగా రాసుకోవడం, జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు ద్వారా పంపడం, రక్షణశాఖ పెన్షన్లు చూసే స్పర్శ్ పోర్టల్, సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ). నాలుగింటినీ ఏళ్ల తరబడి వాడినవాళ్ల మాట ఒకటే: డూప్లికేట్ బుక్కు ఇచ్చేది ఒక్క రికార్డ్ ఆఫీసే. మిగతావి మనల్ని అక్కడికి చేర్చేవి, లేదా అక్కడ ఏమీ మిగల్లేదన్నప్పుడు పక్క సాక్ష్యం తెచ్చిపెట్టేవి. ఈ తేడా తెలియక స్పర్శ్‌లో ఫిర్యాదు మీద ఫిర్యాదు పెడుతూ నెలలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

దరఖాస్తు కన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. పెన్షన్ వస్తోందా, లేదా? ఆర్మీ రెగ్యులేషన్స్ 595వ పేరా ప్రకారం పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ల సర్వీసు పత్రాలను 25 ఏళ్లు ఉంచి, ఆ తర్వాత నాశనం చేస్తారు. సర్వీసు వివరాలన్నీ రాసి ఉంచే షీట్ రోల్ కూడా అందులోనే పోతుంది. మిగిలేది లాంగ్ రోల్. అది శాశ్వతంగా ఉంచే రిజిస్టరు. నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, బయటికి వచ్చిన తేదీ లాంటి వివరాలు క్లుప్తంగా ఉంటాయి. జవానుకు సర్వీసు పెన్షన్ రావాలంటే 15 ఏళ్లు నిండాలి కాబట్టి, 1971 యుద్ధం చూసి 1975లో ఊరు చేరినవాడి షీట్ రోల్‌కు 2000 నాటికే గడువు తీరిపోయింది. అలాంటివారు ‘డూప్లికేట్ డిశ్చార్జి బుక్కు ఇప్పించండి’ అని రాస్తే ‘డాక్యుమెంట్లు నాశనం చేయబడినవి’ అని ఒక్క వాక్యం జవాబు వస్తుంది. అక్కడితో ఆశ వదిలేస్తారు. వదలక్కర్లేదు. ‘లాంగ్ రోల్ ఆధారంగా సర్వీసు ధ్రువపత్రం, లాంగ్ రోల్ నకలు’ అని అడగాలి. అడిగిన మాటను బట్టే జవాబు మారుతుంది.

పాపం, బుక్కు అవసరం కూడా వీళ్లకే ఎక్కువ. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే పెన్యూరీ గ్రాంటు (పేదరికంలో ఉన్నవారికి ఆర్థిక సాయం) 65 ఏళ్లు దాటి, పెన్షన్ లేని, హవల్దార్ స్థాయి వరకు ఉన్నవారి కోసమే. దానికి మాజీ సైనికుడినని చూపించే మొదటి కాగితం డిశ్చార్జి బుక్కే.

ఇక రికార్డ్ ఆఫీసు సంగతి. దరఖాస్తుల్లో చాలా ఆలస్యం తప్పు ఊరికి పంపడం వల్లే. ట్రైనింగ్ జరిగిన ఊళ్లోనో, చివరగా పనిచేసిన ఊళ్లోనో రికార్డులుంటాయని చాలామంది అనుకుంటారు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగైన గన్నర్ రికార్డులు హైదరాబాద్‌లో ఉండవు, నాసిక్ రోడ్ క్యాంపులో ఉంటాయి. నేవీలో విశాఖలోనే సర్వీసంతా చేసినా సెయిలర్ల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో. ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మెన్‌కు ఢిల్లీ సుబ్రతో పార్క్. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల విభాగం), ఆర్డినెన్స్ కోర్ వాళ్లకు మాత్రం అదృష్టం, రెండూ సికింద్రాబాద్‌లోనే. మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌కు బెంగళూరు, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మెడికల్ కోర్‌కు లక్నో, ఆర్మర్డ్ కోర్‌కు అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్). రిటైరయ్యాక డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ (డీఎస్‌సీ)లో మళ్లీ చేరినవారికి రెండు సర్వీసులు, రెండు బుక్కులు. డీఎస్‌సీ రికార్డులు కన్నూర్‌లో, మొదటి సర్వీసువి పాత రెజిమెంట్ దగ్గర. రెండూ పోతే రెండు చోట్లకూ వేర్వేరుగా రాయాలి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వాళ్లది హోంశాఖ కింద వేరే వ్యవస్థ, ఇక్కడ చెప్పేది వారికి వర్తించదు.

సర్వీస్ నంబరు లేకుండా రికార్డ్ ఆఫీసులో వెతకడం గడ్డివాములో సూది కోసం వెతకడమే. నంబరు చివరనుండే ఇంగ్లీషు అక్షరం కూడా రాయాలి, అంకెల్లో తప్పు పడితే పట్టుకోవడానికి పెట్టింది అది. నాయబ్ సుబేదార్ అయినవారికి జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) హోదాతో జేసీ నంబరు వచ్చి ఉంటుంది, అప్పుడు పాత జవాను నంబరు, జేసీ నంబరు రెండూ ఇవ్వాలి. నంబరు గుర్తులేకపోతే ఇంట్లో మెడల్స్ ఉన్నాయేమో చూడండి. సంగ్రామ్ మెడల్ లాంటివాటి అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దం, టార్చ్ లైటు చాలు. బ్రాసో పెట్టి ఏళ్లుగా తోమిన మెడల్ మీద అంకెలు అరిగిపోయి ఉంటాయి, కాబట్టి ముందు తోమకుండా చూడండి. పాత ఇన్‌లాండ్ లెటర్ల మీద 56 ఏపీఓ, 99 ఏపీఓ అని ఆర్మీ పోస్టాఫీసు గుర్తు ఉన్న చిరునామా పక్కనే యూనిట్ పేరు, నంబరు ఉంటాయి. క్యాంటీన్ కార్డు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, పెన్షన్ వచ్చే బ్యాంకులోని పాత ఫైలు కూడా పనికొస్తాయి.

బుక్కు నకలు సంపాదించడానికి చాలామందికి తట్టని చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. ఆర్మీ నుంచి వచ్చాక బ్యాంకులోనో, ఆర్టీసీలోనో, పోలీసులోనో మాజీ సైనికుల కోటాలో ఉద్యోగం చేసినవారి సర్వీసు రిజిస్టరులో అటెస్ట్ చేసిన డిశ్చార్జి బుక్కు జిరాక్సు ఉంటుంది. మిలిటరీ కోటాలో భూమి పొందినవారి అసైన్‌మెంట్ ఫైలు తహసీల్దారు ఆఫీసులో. పిల్లలు క్యాప్ కోటాలో (సైనికుల పిల్లల కోటా) ఇంజినీరింగ్ సీటు తెచ్చుకుని ఉంటే ఆ కౌన్సెలింగ్ కాగితాల్లో. సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో పేరు నమోదైనప్పుడు తెరిచిన కార్డులో. ఈ జిరాక్సు ఒక్కటి దొరికితే రికార్డ్ ఆఫీసులో పని మహా తేలిక, ఎందుకంటే అక్కడి గుమాస్తాకు వెతికే పని పోయి సరిచూసే పని మాత్రమే మిగులుతుంది.

దరఖాస్తు కట్ట ఇలా ఉండాలి. పోగొట్టుకున్నట్టు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, దాని రసీదు, వెతికినా దొరకలేదని స్టేషన్ ఇచ్చే నాన్-ట్రేసబుల్ పత్రం. నాన్-జుడిషియల్ స్టాంపు పేపరు మీద అఫిడవిట్, అందులో బుక్కు ఎక్కడ, ఎలా పోయిందో, దాన్ని ఎవరి దగ్గరా తాకట్టు పెట్టలేదని, దొరికితే తిరిగి అప్పగిస్తామని ఉండాలి. కొన్ని రికార్డ్ ఆఫీసులు నోటరీతో సరిపెట్టుకోవు, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందు చేసినదే కావాలంటాయి. ముందే కనుక్కోకపోతే కట్ట మొత్తం తిరిగొస్తుంది. ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నకళ్లు, భార్యతో కలిసి దిగిన ఫోటో, విడి ఫోటోలు. ఫీజు ఉంటే ఎంత, ఏ రూపంలో కట్టాలన్నది ఆ రికార్డ్ ఆఫీసు చెప్పినట్టే చేయాలి, వేరే రెజిమెంట్ వాడు చెప్పింది పట్టుకుని డీడీ తీయకండి. చెదలు పట్టడం వల్లో, వరద వల్లో చెడిపోయిన బుక్కైతే మిగిలిన ముక్కలే జతచేయాలి. ‘పోయింది’ అని రాసి ముక్కలు ఇంట్లో ఉంచుకుంటే అఫిడవిట్ అబద్ధమవుతుంది.

ఆర్మీ చట్టం 1950లోని 23వ సెక్షన్‌ను దరఖాస్తులో ఒక్క వాక్యంలో ప్రస్తావించడం మంచిది. సర్వీసు ముగిసిన ప్రతి జవానుకూ, జేసీఓకూ ఏ అధికారంతో, ఏ కారణంతో పంపారో, మొత్తం ఎంతకాలం పనిచేశారో తెలిపే సర్టిఫికెట్ ఇవ్వాలని, అదీ మాతృభాషలోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది. తెలుగు ప్రతి అడగమని కాదు గానీ, కోరుతున్నది దయాదాక్షిణ్యం కాదని కాగితం మీద కనబడుతుంది.

మన రాష్ట్రాల వాళ్లకు అన్నిటికన్నా పెద్ద చిక్కు పేరు దగ్గరే. ఎన్‌రోల్‌మెంట్ నాడు రాసిన పేరులో ఇంటిపేరు చివరికెళ్లి ఉంటుంది, ఆధార్‌లో ముందుంటుంది, బ్యాంకు పాస్‌బుక్కులో మూడు ఇనిషియల్స్ అయి ఉంటుంది. భార్య పేరు ఒకచోట లక్ష్మి, ఒకచోట మహాలక్ష్మమ్మ. జబల్‌పూర్‌లోనో నాసిక్‌లోనో కూర్చున్న గుమాస్తాకు ఈ మూడూ ఒకే మనిషివని తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అందుకని దరఖాస్తులో ఆర్మీ రికార్డులో ఉన్న పేరే మొదట రాయాలి, ఆధార్ పేరు ఆ తర్వాత, రెండూ ఒకరివేనని అఫిడవిట్. పేరు మార్చమని అదే దరఖాస్తులో అడగొద్దు. పేరు సవరణకు పేపరు ప్రకటనలతో సహా వేరే తతంగం ఉంది. రెండూ కలిపితే రెండూ ఆగుతాయి. పుట్టిన తేదీ కూడా అంతే, ఎన్‌రోల్‌మెంట్ నాటి తేదీనే రికార్డ్ ఆఫీసు పట్టుకుంటుంది.

జిల్లా పేరుతో కూడా జాగ్రత్త. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. రికార్డులో పశ్చిమ గోదావరి అని ఉండి, దరఖాస్తులో ఏలూరు అని ఉంటే మనిషి వేరనుకునే అవకాశముంది. పాత జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయండి.

సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు గురించి మా అభిప్రాయం: తప్పకుండా వాడాల్సిన దారి, కానీ దాని మీదే భారం వేయకూడదు. వాళ్ల కవరింగ్ లెటర్, సంతకం, ముద్ర ఉన్న దరఖాస్తుకు రికార్డ్ ఆఫీసులో విలువ ఎక్కువ, ఫారాలు అక్కడే దొరుకుతాయి, వేలిముద్ర వేసే వృద్ధులకు అటెస్టేషన్ అక్కడే అవుతుంది. ఇబ్బందేమిటంటే పంపాక తిరిగి ఆరా తీసేవాళ్లుండరు. కాబట్టి డిస్పాచ్ నంబరు, తేదీ రాయించుకుని, ఒక ప్రతిని మీరే స్పీడ్ పోస్టులో నేరుగా పంపండి. ప్రతి కొత్త జిల్లాలోనూ ఈ ఆఫీసు ఉంటుందనుకోకండి, పాత ఉమ్మడి జిల్లా కేంద్రంలో అడగండి.

స్పర్శ్ పెన్షన్ కోసం కట్టిన వ్యవస్థ. పీపీఓ, కారిజెండం (సవరణ) పీపీఓ పోయినవారికి అదే మొదటి చోటు. లాగిన్ అయితే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, లేకపోతే స్పర్శ్ సర్వీస్ సెంటర్‌కో, కామన్ సర్వీస్ సెంటర్‌కో వెళ్లొచ్చు. అంతకుముందు పీపీఓ కోసం ప్రయాగరాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ అనే రక్షణ ఖాతాల ఆఫీసుకు ఉత్తరాలు రాయాల్సి వచ్చేది, ఆ లెక్కన ఇది పెద్ద మేలే. డిశ్చార్జి బుక్కు మాత్రం అందులో దొరకదు. పీపీఓలో సర్వీసు కాలం, ర్యాంకు, గ్రూపు ఉంటాయి గానీ మెడల్స్, క్యారెక్టర్ (నడవడిక) లాంటివి ఉండవు. ఉద్యోగ కోటాకో, పిల్లల సర్టిఫికెట్‌కో పీపీఓ ఒక్కటే చాలదనడానికి కారణం అదే.

ఆర్‌టీఐకి మా ఓటు గట్టిగా ఉంటుంది, సరిగ్గా వాడితే. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లకు చట్టంలోని 24వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది, ఆర్మీకి లేదు. ఫీజు 10 రూపాయలు, నకలు పేజీకి 2 రూపాయలు, గడువు 30 రోజులు. వేరే ఆఫీసుకు సంబంధించినదైతే 6(3) సెక్షన్ కింద 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి, అంటే ఏ రికార్డ్ ఆఫీసో తేలనివారికి ఇదే మంచి మార్గం. ‘నా బుక్కు ఎందుకివ్వలేదు’ అని అడిగితే ఏమీ రాదు, చట్టం ఇచ్చేది ఉన్న కాగితం నకలే. ‘ఈ నంబరు గల నా షీట్ రోల్ ధ్రువీకరించిన నకలు, లాంగ్ రోల్ నకలు, డిశ్చార్జి ఆర్డరు, రిలీజ్ మెడికల్ బోర్డు పత్రాలు, నాశనం చేసి ఉంటే ఆ ఉత్తర్వు, తేదీ’ అని అడగండి. చివరి ముక్క మరవొద్దు. నాశనం చేసిన ఉత్తర్వు చూపమన్నాకే మళ్లీ వెతికిన సందర్భాలున్నాయి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఆర్‌టీఐలో వచ్చింది నకలే, డూప్లికేట్ బుక్కు కాదు. దాన్ని జతచేసి రికార్డ్ ఆఫీసుకు మళ్లీ దరఖాస్తు పెట్టాలి.

వితంతువుల విషయంలో ఆర్‌టీఐ జవాబు ‘మూడో వ్యక్తి సమాచారం’ అని తిరిగిరావడం మామూలే. భర్త మరణ ధ్రువపత్రం, తన ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ లేదా పెళ్లి రుజువు మొదటే జతచేస్తే ఆ గొడవ తగ్గుతుంది. పాత పీపీఓలు కొన్నింటిలో భార్య పేరే ఉండదు. అలాంటిచోట షీట్ రోల్‌లో పెళ్లి నమోదైన పార్ట్ టూ ఆర్డరు (సైనికుడి కుటుంబ, సర్వీసు మార్పులను యూనిట్ నమోదు చేసే ఉత్తర్వు) నంబరు దొరికితే బుక్కు కన్నా అదే ముఖ్యం.

రికార్డ్ ఆఫీసులో తెలిసినవాళ్లున్నారని డబ్బు అడిగే మధ్యవర్తులు క్యాంటీన్ల దగ్గర తిరుగుతుంటారు. వాళ్లు పంపేది కూడా ఈ కట్టనే.

డూప్లికేట్ చేతికొచ్చాక నంబరు, రెండు తేదీలు, డిశ్చార్జి కారణం, క్యారెక్టర్, మెడికల్ కేటగిరీ, మెడల్స్, భార్యాపిల్లల పేర్లు వరుసగా చూడండి. డిశ్చార్జి కారణం గడిలో, డిశ్చార్జి కారణాలను వర్గీకరించే ఆర్మీ రూల్ 13 కింద ఏ ఐటెం రాశారో తప్పకుండా చూడాలి. సర్వీసు కాలం పూర్తవడం వేరు, సొంత కోరికపై రావడం వేరు, మాజీ సైనికుడి హోదా ఆ తేడా మీదే ఆధారపడే సందర్భాలున్నాయి. తప్పుంటే బుక్కు మీద పెన్ను పెట్టకుండా, ఆధారం జతచేసి అదే రెఫరెన్సు నంబరుతో వెనక్కి పంపండి. సరిగ్గా ఉంటే సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో మళ్లీ నమోదు ముద్ర వేయించి, ప్రతి పేజీ, ఖాళీవి కూడా, స్కాన్ చేసి పెట్టుకోండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, మున్ముందు ముద్రలు ఆ పేజీల మీదే పడాలి.