దసరా సెలవుల్లో భామాకలాపం: ఆట మనిషిది, మాట టేపుది

కూచిపూడి అగ్రహారం విజయవాడకు బస్సు ప్రయాణమంత దూరం. అందుకే ఇక్కడి హాల్లో భామాకలాపం, అంటే సత్యభామ గర్వం, విరహం చుట్టూ నడిచే కూచిపూడి నాట్యరూపకం, ఆడటం తేలిక కాదు. ముందు వరుసల్లో కూర్చునే పెద్దవాళ్లలో సగం మందికి తర్వాతి మాటేమిటో తెలుసు. ఈ సెలవుల్లో నగరంలో జరిగిన ప్రదర్శనకు హాలు నిండింది. ప్రవేశం ఉచితం. ఆరున్నరకన్నారు, తెర లేచేసరికి ఏడుంబావు. ఆ మధ్యలో జ్యోతి, శాలువాలు, జ్ఞాపికలు. దీన్ని ఇక్కడ ఎవరూ ఆలస్యం అనరు కాబట్టి వదిలేద్దాం.

మొదట ఐదుగురు పిల్లల తరంగం, అంటే ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే అంశం. పళ్లెం మీద ఆట అంటే గెంతడం కాదు. రెండు పాదాలూ అంచు మీద ఆనించి, వేళ్లతో అంచును బిగించి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ తాళానికి పళ్లేన్ని జరపాలి. దానికి నున్నటి నేల కావాలి. సన్మానాల కోసం పరిచిన తివాచీని ఎవరూ తీయలేదు. పళ్లెం జరిగిన కొద్దీ తివాచీ ముడతపడింది, కుడి చివరి అమ్మాయి పళ్లెం ఆ ముడతకు తగిలి ఆగిపోయింది. ఆ పిల్ల కిందికి చూడలేదు. తాళం ఒక చుట్టు తిరిగేదాకా అక్కడే నిలబడి చేతులతో జతి నడిపి, తర్వాతి చుట్టు మొదటి దెబ్బకు పళ్లెం కదిపింది. ఆ సాయంత్రం తాళజ్ఞానానికి మొదటి మార్కు ఆమెదే.

ఇక భామ. ఇద్దరమ్మాయిలు తెర పట్టుకోగా, దాని మీదుగా జడ ఇవతలికి పడింది. నాగరం, చంద్రవంక, జడగంటలు అన్నీ సక్రమంగా కుట్టిన జడ. కానీ అది నగల ప్రదర్శన కాదు, సవాలు. తనను గెలిచేవాళ్లుంటే రండి, ఓడితే ఈ జడ కోసుకుంటానన్న పంతం. సవాలు సభకు ఎక్కేదాకా జడ తెర మీద ఉండాలి. ఈ భామ తాళంలో నాలుగు దెబ్బలసేపైనా ఉంచకుండా లాగేసుకుంది.

అడుగుకు మాత్రం వంక పెట్టలేం. ప్రవేశ దరువులో, అంటే భామ తనను పరిచయం చేసుకునే పాటలో, మూడో కాలం వేగంతో ముగింపు అడుగులు వేసేటప్పుడు కూడా అరమండి, అంటే మోకాళ్లు వంచి నిలిచే భంగిమ, లేవలేదు. వేగం పెరిగేకొద్దీ చాలామందికి మోకాళ్లు నిటారవుతాయి, అడుగు పలచబడుతుంది. ఈమె మడమ దెబ్బ చివరి జతి దాకా ఒకే బరువుతో వినిపించింది. గర్వం కనుబొమలోనే చూపించింది, భుజాలు ఊపలేదు. విరహంలోకి వచ్చాక ఆ కనుబొమే చిక్కు తెచ్చింది. ఎవరు అందమని కృష్ణుడితో అద్దం దగ్గర పడ్డ తగవులో పనికొచ్చిన ముఖాన్నే లేఖ రాసేటప్పుడూ పెట్టుకుంది. చెయ్యి అక్షరాలు దిద్దుతోంది, కళ్లు ప్రేక్షకుల మీదున్నాయి. ఉత్తరం రాసే మనిషి చూపు ముందు ఆకు మీద, ఆ తర్వాత అక్కడ లేని మనిషి మీద ఉండాలి.

దీనికంతకూ మూలం టేపు. పాటలూ భామ మాటలూ ముందే రికార్డు చేసినవి. భామ చెలికత్తె మాధవి ఒక్కతే కాలర్ మైకుతో నేరుగా మాట్లాడింది. పూర్వం పాత్రధారులే తమ దరువులు పాడుకుంటూ ఆడేవారు. తర్వాత పాట పక్కన కూర్చున్న బృందానికి వెళ్లింది. అయినా వాళ్లు మనుషులు. నర్తకికి ఊపిరి చాలకపోతే పాడేవారు అదే పంక్తిని ఇంకోసారి తిప్పుతారు, నట్టువాంగం పట్టినవారు, అంటే తాళాలు వాయిస్తూ జతులు చెప్పేవారు, తాళం మీద ఆమెను కాస్తారు, సభ నవ్వితే అందరూ ఆగుతారు. టేపుకు ఆగడం తెలియదు. మొగుడి పేరు చెప్పమని మాధవి నిలదీసే ఘట్టంలో భామ సిగ్గుపడి సైగలతో నెట్టుకొస్తుంది. ఆ సాగదీతలోనే రుచంతా ఉంది. ఇక్కడ మాధవి దుర్గమ్మ కొండ దారి ట్రాఫిక్ మీద ఒక చమత్కారం కలిపింది, హాలంతా నవ్వింది. ఆ నవ్వు కింద భామ జవాబు కొట్టుకుపోయింది, పెదవులు కదిలాయి అంతే. దెబ్బకు మాధవి జాగ్రత్తపడింది. ఉత్తరం మోసినందుకు ముక్కెర అడిగే బేరాన్ని, పది నిమిషాలు నవ్వించగల బేరాన్ని, టేపులో వదిలిన సందుకు సరిపడా కుదించేసింది. ఆమె పలుకు స్పష్టం, యాస తెచ్చిపెట్టుకున్నది కాదు. పక్కన మనుషులతో పాడించి ఉంటే ఈ మాధవి సభను ఇంటికి పోనిచ్చేది కాదు.

కృష్ణుడి వేషం వేసిన అమ్మాయి నిలుచున్న తీరు బాగుంది, వేణువును మాత్రం కర్రలా పట్టుకుంది. విరహానికి నీలం లైట్లు వేశారు. నీలం కింద ఎరుపు నల్లబడుతుంది. భామ పారాణి, పెదవులు, ఎర్రంచు చీర అన్నీ మసిబారి, లేఖ ఘట్టంలో ముద్రలు ఐదో వరుస దాకా కూడా తెలియలేదు. ఆ పది నిమిషాలకు పసుపు కాంతి చాలు.

ఇదే బృందం మళ్లీ ఆడితే వెళ్లేవాళ్లు నాలుగు నుంచి ఆరో వరుస మధ్యలో చూసుకోండి. మొదటి రెండు వరుసల నుంచి వేదిక ఎత్తుకు పాదాలు కనబడవు, వెనక నుంచి కళ్లు కనబడవు. స్పీకర్ల పక్కన కూర్చుంటే టేపు తప్ప గజ్జెల చప్పుడు వినపడదు. పిల్లల్ని తీసుకెళ్తే తరంగానికే తీసుకెళ్లండి, కలాపం మొదలయ్యాక మంగళానికి ఇంకో గంటన్నర. మూలానక్షత్రం చుట్టుపక్కల రోజులైతే వన్‌టౌన్ వైపు బండ్లు మళ్లిస్తారు, బస్టాండు దగ్గరే బండి వదిలేసి నడవడం నయం.