రెండు షీట్ల ప్లైవుడ్ పడవ: కొన్నేళ్లు వాడాక

ఇంట్లో చేసుకున్న చెక్క పడవ నీళ్లలో ఎన్నాళ్లు ఉంటుందని చాలామంది అడుగుతుంటారు. ప్లైవుడ్ దగ్గరా, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) దగ్గరా కక్కుర్తి పడకపోతే ఏళ్ల తరబడి ఉంటుంది. మా కోనసీమ కాలవలో తిరుగుతున్న నా పడవే సాక్ష్యం.

పద్ధతి కొత్తదేం కాదు. ప్లైవుడ్ పలకలు కోసి, అంచుల వెంట చిల్లులు పెట్టి రాగి తీగతో కుట్టేసి, అతుకుల్ని ఎపాక్సీతో, గ్లాస్ టేపుతో (గాజు నార పట్టీతో) మూసేయడమే. 1960ల మొదట్లో బ్రిటన్‌లో వచ్చిన మిర్రర్ డింగీ అనే చిన్న తెరచాప పడవ ఇలాంటిదే. మామూలు మనుషులు ఇంట్లో కట్టుకోవాలనే దాన్ని తయారు చేశారు. 70 వేల దాకా కట్టుకున్నారు కూడా.

నాది 6 మి.మీ. షీట్లు రెండింటితో అయిపోయింది. షీటు మీద ఐఎస్ 710 ముద్ర (పడవలకి వాడే మెరైన్ ప్లైవుడ్‌కి మన దేశ ప్రమాణం) ఉండాల్సిందే. ఆ రకం నీళ్లలో 72 గంటలు ఉడికినా పొరలు విడిపోకూడదు. షాపువాళ్లు "ఇదీ వాటర్‌ప్రూఫే సార్" అని అలమరాల ప్లైవుడ్ చూపిస్తారు, ఒప్పుకోవద్దు. అనుమానముంటే ఒక ముక్క తెచ్చి గిన్నెలో వేసి ఉడకబెట్టండి, దాని సంగతి తేలిపోతుంది.

ఎపాక్సీకి బదులు కొందరు వాడే పాలియెస్టర్ రెజిన్ చవకే కానీ చెక్కని గట్టిగా పట్టుకోదు. ఎపాక్సీలో సన్నటి రంపపు పొట్టు కలిపి, ముద్దని చెంచా వెనక వైపుతో మూలల్లో గుండ్రంగా దిద్దాలి. ఈ పనికి పొద్దున్న పూటే మంచిది. ఎండ వేళ ఎక్కువ కలిపితే కప్పులోనే పొగలు కక్కి బిగుసుకుపోతుంది. గాలిలో చెమ్మ ఉంటే పైన జిడ్డు పొర కడుతుంది. నీళ్లతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్దాకే రెండో పూత వేయాలి.

మిగతా వాటిలో ఎంతైనా మిగుల్చుకోవచ్చు. నా పడవకి కూర్చునే బల్ల పాత టేకు ద్వారబంధం, తెడ్లు వెదురుకి బిగించిన ప్లైవుడ్ ముక్కలు, రంగు మామూలు ఎనామిల్. రంగు మాత్రం మానకూడదు, ఎండకి ఎపాక్సీ పాడైపోతుంది.

ఇన్నాళ్లకి అరిగిందల్లా అడుగుభాగమే, అదీ రేవు మెట్ల మీదికి లాగే చోట. గీత చెక్క దాకా దిగితే పూర్తిగా ఆరనిచ్చి ఎపాక్సీ పట్టించాలి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఆ పని పెట్టుకుంటాను. కాలవ నీళ్ల కంటే లోపల నిలిచే వాన నీళ్లే పడవకి ఎక్కువ చేటు. అందుకే వాడనప్పుడు రెండు దుంగల మీద బోర్లించి ఉంచుతాను.

తేలిక కాబట్టి ఇద్దరం సులువుగా మోసేస్తాం. ఆ తేలికే ఎదురుగాలిలో ఇబ్బంది, ముక్కు పక్కకి తిరిగిపోతుంది. వరద గోదావరికీ, సముద్రానికీ ఇది పనికిరాదు. కాలవలో కూడా లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని ఎక్కించను.