జాగ్రత్త: ఫర్నేస్ ట్రేలు కొనేటప్పుడు గ్రేడ్ ఒక్కటే చూసి ఆర్డర్ ఇవ్వకండి

ఫర్నేస్‌లో పెట్టే స్టెయిన్‌లెస్ స్టీల్ ట్రేలు, బుట్టలు కొనేవాళ్లు ఆర్డర్ ఇచ్చే ముందు ఇది చదవండి. మేం తెప్పించిన సరుకులో గ్రేడ్ సరైనదే, టెస్ట్ సర్టిఫికెట్‌లోనూ ఏ తేడా లేదు. అయినా ట్రేలు రెండు రోజుల్లోనే పాడయ్యాయి.

మా పని 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర. రోజూ వేడెక్కించడం, చల్లార్చడం. ఇలా ఆపి ఆపి వేడిచేసే పనికి 304 అనే స్టెయిన్‌లెస్ స్టీల్ గ్రేడ్‌ను సుమారు 870 డిగ్రీల దాకా వాడొచ్చని పట్టికల్లో ఉంటుంది. మా పాత ట్రేలు అలాగే ఏళ్ల తరబడి పనిచేశాయి. ఈసారి కొత్త చోట కొన్నాం. ప్యాకింగ్ విప్పితే తళతళలాడుతున్నాయి. పాతవాటికంటే ఇవే మేలు అనుకున్నాను. ఆ మెరుపు చూసే మోసపోయాను.

రెండో రోజు ఫర్నేస్ చల్లారుతుంటే లోపల్నుంచి టిక్ టిక్‌మని చప్పుడు. తలుపు తీసి చూస్తే ట్రేల అడుగున నల్లటి పొలుసులు, కొన్ని గోరంత ఉన్నాయి. వెల్డింగ్ పక్కన ఎర్రటి మచ్చలు. అవి కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, బ్రష్ గీసిన గీతల వెంబడే వరుసగా వచ్చాయి. పొలుసుల దగ్గర అయస్కాంతం పెడితే లేచి అంటుకున్నాయి. స్టెయిన్‌లెస్ స్టీల్‌ను కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర అలా అంటుకోదు. ఊడింది ఇనుము ఆక్సైడ్ అని అప్పుడు అర్థమైంది. (అయస్కాంతాన్ని ట్రేకే పెట్టి నిర్ణయానికి రాకండి. వంచిన మూలల దగ్గర మంచి 304 కూడా కొంచెం లాగుతుంది.)

అమ్మినవాళ్లను గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పారు. వెల్డింగ్ అయ్యాక గాలి ఉన్న ఫర్నేస్‌లోనే ఎనీలింగ్ (లోహాన్ని బాగా వేడిచేసి చల్లార్చడం) చేశారట. పైన కట్టిన నల్లటి పొరను మామూలు ఇనుప వైర్ బ్రష్‌తో గీకి, పైపైన బఫింగ్ చేసి (మెరిసేలా రుద్ది) పంపేశారు. పిక్లింగ్ (ఆసిడ్‌తో పైపొరను కరిగించి శుభ్రం చేయడం) చేయలేదు.

ఇక్కడే రెండు తప్పులు జరిగాయి. 304లో క్రోమియం సుమారు 18 శాతం ఉంటుంది. వేడిలో అది అన్నిటికంటే ముందు ఆక్సిజన్‌తో కలిసి పలచని, గట్టి పొరగా మారి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఎనీలింగ్‌లో ఆ పొర కట్టడానికి క్రోమియం ఖర్చయింది కదా, దాంతో సరిగ్గా దాని కిందున్న లోహంలో క్రోమియం తగ్గిపోతుంది. బ్రష్‌తో గీకితే నల్లటి పొర పోతుంది, క్రోమియం తగ్గిన లోహం మాత్రం అలాగే మిగులుతుంది. నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్లతో చేసే పిక్లింగ్ దాన్ని కూడా కరిగించి తీసేస్తుంది. ఇక రెండోది, ఇనుప బ్రష్ తన ఇనుమును ఉపరితలంలోకి రుద్దేస్తుంది. మళ్లీ వేడి తగలగానే ఈ రెండు చోట్లా ఇనుము ఆక్సైడ్ మందంగా పెరుగుతుంది. చల్లారేటప్పుడు లోహం ఆ పొరకంటే ఎక్కువ కుంచించుకుంటుంది కాబట్టి పొర పగిలి ఎగిరిపడుతుంది. ఆ టిక్ టిక్ చప్పుడు దానిదే.

అనుమానం తీరక, వాడని ట్రే ఒకదాన్ని బయట పిక్లింగ్ చేయించి, చేయించనిదాన్ని పక్కనే పెట్టి ఒకే వేడిలో నడిపాను. పిక్లింగ్ చేసినదానికి పలచని ముదురు బూడిద రంగు పొర పట్టింది, చేత్తో రుద్దినా ఊడలేదు. రెండోది మళ్లీ పొలుసులు రాల్చింది. ఒకే షీటు, ఒకే హీట్ నంబర్ (అంటే ఒకే విడతలో కరిగించి పోసిన స్టీల్)!

అలాగని గరుకుదనమే తప్పు, నునుపైతే చాలు అనుకోవద్దు. శుభ్రంగా గ్రైండింగ్ లేదా షాట్ పీనింగ్ (షాట్ అనే చిన్న గుళ్లతో ఉపరితలాన్ని కొట్టడం) చేసిన 18 శాతం క్రోమియం స్టీల్ చాలాసార్లు ఎలక్ట్రోపాలిష్ (కరెంటుతో నునుపు) చేసినదానికంటే బాగా తట్టుకుంటుంది. దెబ్బలు తిన్న పైపొరలోంచి క్రోమియం త్వరగా పైకి రాగలుగుతుంది. బాయిలర్లలో ఆవిరి తగిలే గొట్టాల లోపలి వైపు షాట్ పీనింగ్ చేసేది అందుకే. ఆ షాట్‌లో మామూలు ఇనుము లేకుండా చూసుకోవాలి, అంతే.

ఇప్పుడు నేను ఆర్డర్‌లో గ్రేడ్ పక్కనే రాస్తున్నవి ఇవి: ఎనీలింగ్ చేస్తే తర్వాత పిక్లింగ్ తప్పనిసరి, స్టెయిన్‌లెస్ బ్రష్ మాత్రమే వాడాలి, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వాడకూడదు. ఆ ఆసిడ్ నుంచి క్లోరైడ్ మిగిలితే వేడిలో కాపాడే పొర గుల్లబారుతుంది. సరుకు దిగగానే ఒక ట్రేను నీళ్లతో తడిపి ఆరనిచ్చి, ఒక రాత్రి ఉంచి చూస్తాను. ఇనుము అంటుకుని ఉంటే పొద్దునకు తుప్పు చుక్కలు తేలతాయి. మొదటిసారే ఈ పని చేసి ఉంటే ఆ ఇనుమైనా ముందే బయటపడేది.

సర్టిఫికెట్ సరిగ్గానే ఉంది కాబట్టి సరుకు వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. దాంట్లో రసాయన కూర్పు, బలం ఉంటాయి. ట్రేగా మలిచాక పైన ఏం చేశారో దాంట్లో ఎక్కడా ఉండదు. మిగిలిన నాలుగింటినీ పిక్లింగ్‌కు పంపాను. వాడేసిన ఆరూ తుక్కులోకే వెళ్లాయి.